అడుగుకి అంగుళం

సంక్రాంతి కొలువుకి బొమ్మలు కొంటాం. వాటి మంచాలూ పెట్టెలూ కుర్చీలూ మాత్రం ఇంట్లోనే చేసుకుంటాం. ఎవరూ నియమంగా చెప్పకపోయినా మా కృష్ణా డెల్టా ఇళ్ళల్లో తరాలుగా నడిచిన పద్ధతి ఇది. పై మెట్ల మీద కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కుతున్న గీతకార్మికుడు. వాటి కింద కార్తీక పున్నమికి చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాల్లో కొన్న పింగాణీ బొమ్మలు, మోపిదేవి తిరునాళ్ళలో కొన్న మట్టి బొమ్మలు. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి కాబట్టి కుటుంబం ఏ ఏడు ఎక్కడికి వెళ్ళిందో ఆ మెట్లు చూసి చెప్పొచ్చు. అన్నిటికన్నా కింద, నేల మీద, ఆవాలు చల్లి మొలిపించిన పచ్చటి చేను పక్కన అట్టపెట్టెతో కట్టిన ఇల్లు ఉంటుంది. పేరంటానికి వచ్చిన పెద్దవాళ్ళు పై మెట్లు చూసి హారతి పాడతారు. పిల్లలు ఆ అట్ట ఇంటి ముందు గొంతుక్కూర్చుంటారు. లోపల ఏముందో వంగి చూస్తారు.

నేను ఇన్నేళ్ళుగా ఆ పిల్లల పక్షమే. ఆ ఇంట్లో ఉన్న సామాను గురించే ఈ నాలుగు మాటలూ.

మాది గుడివాడ. ఉద్యోగం బందరులో చేశాను. నాన్న తరఫు చుట్టాలంతా దివిసీమ వాళ్ళు. బొమ్మల సామానుకి ఈ మూడు చోట్లూ మూడు రకాల సరుకు ఇచ్చాయి. గుడివాడ బజారులో దర్జీల దగ్గర ఖాళీ దారపు రీళ్ళు దొరికేవి. అప్పట్లో అవి కర్రవి, పైనా కిందా అంచు, మధ్యలో నడుం. నిలబెడితే చాలు, గుండ్రటి బల్లకి కాలు తయారైపోయినట్టే. పెళ్ళిళ్ళ ఊరు కాబట్టి శుభలేఖలకి కొరత లేదు. ఆ మందపాటి అట్టా, దాని చుట్టూ బంగారు రంగు గీతా బీరువా తలుపులకి సరిగ్గా సరిపోయేవి. బందరు నించి వచ్చేది చిలకలపూడి రోల్డ్‌గోల్డు గొలుసుల ముక్కలు. తెగిపోయి, రంగుపోయి, మళ్ళీ అతికించుకోదగ్గవి కాని గొలుసులు ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బాలో పడి ఉంటాయి. ఉయ్యాలబల్లకి కట్టే ఇత్తడి గొలుసులు అంత చిన్నగా ఇంకెక్కడ దొరుకుతాయి? దివిసీమ నించి తాటాకు, కొబ్బరి ఈనెలు, వలలు అల్లే సన్నదారం వచ్చేవి. నాగాయలంక వైపు చుట్టాలు వస్తే ఆ దారపు ఉండ ఒకటి తప్పకుండా తెచ్చేవారు. నులక మంచం అల్లడానికి దాన్ని మించింది లేదు.

అంటించడానికి నల్లతుమ్మ బంక. అది లేనప్పుడు అన్నం మెతుకులు వేలితో మెదిపి రాయడం. మేకులు కావాలంటే తుమ్మముళ్ళు. వేసవిలో ముంజకాయల బండికి ఇరుసు బిగించే వయసులోనే తుమ్మముల్లు ఎక్కడ గుచ్చితే కర్ర చీలదో పిల్లలకి తెలిసిపోయేది. పై మెట్టు మీది కొండపల్లి బొమ్మల పని కూడా ఇలాంటిదే. తెల్లపొణికి కర్రతో తలా చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అదీ వంటింట్లో పుట్టదగ్గ జిగురే.

ఇంత సరుకు ఉన్నా కొలత కుదరకపోతే అంతా చెత్తలాగే కనిపిస్తుంది. మా మేనత్త ఆ విషయంలో చాలా పట్టుదల మనిషి. ఇంట్లో బొమ్మల సామానంతా ఆమె చేతి పనే. ఆమె లెక్క ఒకటే: అడుగుకి అంగుళం. ఆరడుగుల మంచం ఆరంగుళాలు ఉండాలి. అడుగున్నర పీట అంగుళంన్నర. బడిపిల్లల అడుగుబద్ద ఒకటి ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఉండేది. దేశదేశాల్లో బొమ్మరిళ్ళు కట్టేవాళ్ళు పట్టే కొలతా ఇదేనని నేను తరవాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921, 1924 మధ్య కట్టిన బొమ్మరిల్లు విండ్సర్ కోటలో ఇప్పటికీ ఉంది. కట్టింది ఎడ్విన్ లుట్యెన్స్, ఢిల్లీలో మన రాష్ట్రపతి భవనం గీసినాయన. ఆయనా అడుగుకి అంగుళమే పట్టాడు.

ఆ కొలత మనసులో పెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. అగ్గిపెట్టె రెండంగుళాలు, అంటే రెండడుగుల ట్రంకుపెట్టె. సోడా మూత అంచులు మడిచిన అన్నం పళ్ళెం. జండూబామ్ మూత అడుగు వెడల్పు గిన్నె. కొబ్బరిచిప్ప పశువులకి కుడితి పోసే గోలెం. చొక్కా గుండీ తాంబూలం పళ్ళెం. ఆరు అగ్గిపెట్టెల్ని మూడేసి చొప్పున రెండు వరసలుగా పేర్చి అంటిస్తే ఆరు సొరుగుల బల్ల. తెగిన దండలో పూసని గుండుసూదికి గుచ్చి సొరుగుకి దిగేస్తే పిడి. ఆ సొరుగు నిజంగా తెరుచుకుంటుంది, నిజంగా మూసుకుంటుంది. అందులో ఆవగింజలు దాచిపెట్టిన పిల్ల మొహం చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది పోలికలు వెతుక్కోవడం. అసలు పని మంచంతో మొదలవుతుంది.

పట్టెమంచాన్ని మనం పుట్టినప్పటినించీ చూస్తున్నాం. దాని మీదే పడుకున్నాం, దాని కిందే దాక్కున్నాం. ఒకటి చెయ్యమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. అక్కడిదాకా ఎవరైనా చెబుతారు. ఒక్కో కోటిలోకి రెండు పట్టెలు వచ్చి దూరతాయి, నిలువు పట్టె ఒకటి, అడ్డపట్టె ఒకటి. రెండూ ఒకే ఎత్తులో దూరితే లోపల ఒకదానికొకటి అడ్డం రావా? నేను పదేళ్ళ వయసులో కందికంప పుల్లని కోడుగా కోసి, కాల్చిన దబ్బనంతో బెజ్జాలు పొడుస్తుంటే సరిగ్గా ఇక్కడే పుల్ల చీలింది. అత్తయ్య పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది:

“రెండూ ఒక్క ఎత్తులో దూరిస్తే కోడు చీలిపోద్ది అమ్మాయ్. వెళ్ళి మంచం చూడు.”

వెళ్ళి మంచం కిందకి దూరి వేళ్ళతో తడిమి చూశాను. మా ఇంటి మంచానికి నిలువు పట్టె ఒక మెట్టు పైన, అడ్డపట్టె దాని కింద. ఎన్నో రాత్రులు పడుకున్న మంచం, ఆ తేడా నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఆ మంచం చేసిన వడ్రంగి ఎవరో నాకు తెలియదు. ఆ పూట మాత్రం ఆయన ఏం ఆలోచించాడో నాకు తెలిసింది.

తరవాత నవారు. పాత లంగా నాడా చీలికలు చేసి వాడతాం. ముందు నిలువు పట్టీలన్నీ చుట్టాలి, ఆ తరవాత అడ్డపట్టీ ఒకదాని పైనించీ ఒకదాని కిందనించీ పోవాలి. బిగువు ఒక పక్క ఎక్కువైతే మంచం మెలిదిరిగి మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. నులక మంచమైతే ఇంకో సంగతి ఉంది. అల్లిక కాళ్ళవైపు చివరిదాకా రాదు, జానెడు ముందే ఆగుతుంది. అక్కణ్ణించి పట్టెకి వేరే తాడు. పడుకోగా పడుకోగా నులక సాగితే ఆ తాడు లాగి బిగిస్తారు. బొమ్మ మంచానికి ఆ తాడు అక్కర్లేదు, దాని మీద పడుకుని సాగదీసేవాళ్ళెవరూ లేరు. అయినా అత్తయ్య పెట్టించేది. అది లేకపోతే దానికి మంచం అన్న పేరు చెల్లదని ఆమె ఉద్దేశం. నాదీ అదే ఉద్దేశం. వస్తువు ఎలా వాడతారో తెలిసినవాడే దాన్ని చిన్నది చెయ్యగలడు.

అత్తయ్య సొంత ఇల్లు కోడూరు దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయింది. సముద్రం పదిహేనడుగుల పైన లేచి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చిన రోజు అది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. తాటిచెట్లు పట్టుకుని బతికినవాళ్ళున్నారు. అత్తయ్య బతికింది. ఆ తరవాత గుడివాడ వచ్చి మాతోనే ఉండిపోయింది. కొన్నేళ్ళు మా ఇంట్లో కొలువు పెట్టలేదు. మళ్ళీ పెట్టిన ఏడు, కింది మెట్టు ముందు అట్ట ఇల్లు కట్టడానికి ఎవరూ అడక్కుండానే ఆమె పూనుకుంది.

అప్పటిదాకా మేం కట్టే బొమ్మరిళ్ళు ఎవరి ఇల్లూ కావు. గోడలు, కిటికీ, లోపల నాలుగు సామాన్లు, అంతే. అత్తయ్య కట్టింది ఒక ఇల్లు. దక్షిణపు గోడకి ఆనించి భోషాణం, మూత ఎత్తి పట్టుకోవడానికి పక్కన ఒక కర్ర. దూలానికి ఉట్టి, దాని కింద పిల్లి ఎక్కకుండా ఖాళీ చోటు. పెరట్లో పాలు కాచే దాలి. వాకిట్లో ధాన్యపు పురి. వరిగడ్డి వెంటి పేనుకుంటూ చుట్టు మీద చుట్టు వేసి పురి కట్టడం పెద్ద పని. అత్తయ్య ఒక్కొక్క గడ్డిపోచని చీల్చి, తడిపి, వేళ్ళ మధ్య మెలిపెట్టి కొబ్బరికాయంత పురి కట్టింది. పురికి పైకప్పు వంపు ఎటు పెట్టాలో కూడా ఆమెకి తెలుసు, ఆ ఊళ్ళో వాన ఎటునించి కొడుతుందో తెలుసు కాబట్టి.

ఆ ఇంటికి ఒక్క ఫోటో లేదు. ఆమె దాని గురించి మాట్లాడేది కాదు. ఎవరైనా అడిగితే “ఆ, ఉండేది” అని ఊరుకునేది. చేతులకి పని పెట్టినప్పుడు మాత్రం ఇల్లు ఒక్కో మూల నించీ బయటికి వచ్చేది. ఒక సాయంత్రం కిటికీ దగ్గర ఆగిపోయింది. కొబ్బరి ఈనెలు కోసి ఊచలు నిలబెడుతోంది. ఎన్ని ఊచలన్నది తేలలేదు. నాన్నని పిలిచి అడిగింది. నాన్న ఐదన్నాడు. ఈనెలు ఐదు నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసింది. తల అడ్డంగా ఊపింది.

“ఏడు రా అన్నయ్యా. ఐదైతే బుజ్జిగాడి తల దూరేది.”

ఏడు ఊచలు పెట్టింది. బుజ్జిగాడి పేరు ఆమె నోట మేం విన్నది అప్పుడే.

నాకు ఈ సామాను మీద ఉన్న గౌరవమంతా ఆ ఏడు ఊచల నించి వచ్చింది. నోటితో అడిగితే జ్ఞాపకం కథ చెబుతుంది. ఆ కథ చెప్పిన కొద్దీ నునుపు తేరి, అందరి కథల్లాగే అయిపోతుంది. చేతికి ఒక ఈనె ఇచ్చి ‘ఇది ఎక్కడ పెట్టాలి’ అని అడిగితే అలా తప్పించుకోవడానికి వీల్లేదు. ఎక్కడో ఒక చోట పెట్టాలి. పెట్టగానే అది తప్పో ఒప్పో కళ్ళముందు ఉంటుంది. చల్లపల్లి జమీందారుల కోటలో మంచాలు ఎలా ఉండేవో రేపు ఎవరైనా చెప్పగలరు, అలాంటివి మిగుల్తాయి. కోడూరు పక్క పూరింట్లో ఉట్టి ఎంత ఎత్తున వేలాడేదో, దాలి ఏ మూల ఉండేదో దాచిపెట్టే చోటు ఏదీ లేదు. ఆ ఇళ్ళు గట్టిగా ఉన్నప్పుడే వాటి ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. అట్టతో, ఈనెలతో, అన్నం మెతుకులతో చేసిన ఆ చిన్న ఇల్లే మాకు మిగిలిన సాక్ష్యం. అది కూడా మూడు సంక్రాంతులకి మించి నిలవలేదు, చెదలు పట్టింది. అత్తయ్య మళ్ళీ కట్టింది. రెండోసారి కట్టిన ఇంట్లో మొదటిదాంట్లో లేని సామాను రెండు ఉన్నాయి, గోడకి చిలక్కొయ్య, గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కునే రాయి.

ఈ పనిలో ఒక చిక్కుంది. మంచం కోళ్ళకి సన్నటి కందిపుల్ల చాలు, బియ్యం బస్తా అంత బరువున్న రాయి పెట్టేదాకా అది విరగదేమో అనిపిస్తుంది. గుడ్డతో చేసేవి మాత్రం మొండికేస్తాయి. తెర కడితే అది వేలాడదు, అట్టలా బిగదీసుకుని గాలిలో నిలబడుతుంది. పరుపు మీద దుప్పటి వేస్తే అంచులు కిందికి జారవు. గుడ్డ మంచిది కాదనుకుని ఇంకా పల్చటివి, పాత మల్లు పంచెలు, చిన్నపిల్లల ఉయ్యాల గుడ్డలు వాడి చూసేవాళ్ళం. కొంత నయం, అంతే.

దీనికి కారణం గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. వస్తువు ఆకారాన్ని అలాగే ఉంచి పన్నెండో వంతుకి తగ్గిస్తే, కాళ్ళ మందం, అంటే అడ్డకోత వైశాల్యం, 144వ వంతు అవుతుంది. బరువు 1,728వ వంతు అవుతుంది. బలం ఆ మందాన్ని బట్టి ఉంటుంది కాబట్టి చిన్న మంచం తన బరువుతో పోల్చుకుంటే పెద్ద మంచం కన్నా పన్నెండు రెట్లు గట్టిది. అందుకే అన్నం మెతుకుల అతుకు కూడా ఆగుతుంది. గుడ్డ సంగతి ఇందుకు తలకిందులు. తెర కిందికి వేలాడేది తన బరువు వల్లే. నేత మందం తగ్గకుండా కొలత మాత్రం తగ్గితే ఆ గుడ్డని కిందికి లాగే బరువు మిగలదు, బిరుసు మాత్రం మిగులుతుంది. అత్తయ్య గెలీలియోని చదవలేదు. ఆమె గంజి కాచింది. తెర గుడ్డని పల్చటి గంజిలో ముంచి, తడిగా ఉండగానే చీపురుపుల్ల మీద వేసి వేళ్ళతో మడతలు నొక్కి, కింద అంచుకి చిన్నచిన్న గుండుసూదులు గుచ్చి ఎండబెట్టింది. ఎండాక సూదులు తీసేస్తే తెర వేలాడుతున్నట్టే ఉంది. పందిరిమంచానికి దోమతెర కూడా అలాగే చేసింది. డెల్టాలో దోమతెర లేని పందిరిమంచం చేస్తే చూసినవాళ్ళు నమ్మరు.

గుడ్డ దగ్గర ఇంకో ఇబ్బంది బందరులో ఉద్యోగం చేసే రోజుల్లో నాకు ఎదురైంది. పెడన పక్కనే. కలంకారీ అద్దకం వాళ్ళ దగ్గర అంచుల్లో కోసేసిన ముక్కలు దొరికేవి. టేకు అచ్చులు, కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ, ఇనుమూ బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టిన ఎరుపు, పారే కాలవ నీళ్ళలో ఉతుకులు. అంత శ్రమతో పుట్టిన ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక సంచి నిండా తెచ్చుకునేదాన్ని. తీరా బొమ్మ మంచం మీద పరిస్తే ఒక్క పువ్వే మంచమంత అయ్యేది. పన్నెండింతల పువ్వు. ఇల్లు ఎంత సరిగా కట్టినా ఆ ఒక్క దుప్పటితో బొమ్మలాట అని తెలిసిపోయేది. చాలా రోజులకి చూడటం తెలిసింది. పువ్వుల మధ్య ఖాళీ నింపడానికి వేసే చుక్కలు, బుటీలు ఉంటాయి. అంచుల్లో సన్నటి లతలుంటాయి. గుడ్డలో ఎవరూ గమనించని చోటే బొమ్మ ఇంటికి పనికొచ్చే చోటు. అప్పటినించీ పెడన అద్దకాల్లో నా కళ్ళు ముందు ఆ బుటీల మీదికే పోతాయి. ఎంత శ్రద్ధగా చెక్కుతారో ఆ చిన్న అచ్చుల్ని.

బందరు నించి ఈ అద్దకం గుడ్డలు ఓడలెక్కి హాలండు వెళ్ళిన 17వ శతాబ్దంలోనే అక్కడి షాహుకార్ల ఇళ్ళల్లో బొమ్మరిళ్ళ మోజు మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ అనే ఆవిడ బొమ్మరిల్లు ఉంది. 1686 నించి 1710 దాకా సమకూర్చుకుంది. ఒక్కొక్క వస్తువూ ఆయా పనివాళ్ళకి కొలతిచ్చి చేయించింది. బుట్టలు బుట్టలల్లేవాళ్ళ చేత, వెండి సామాను కంసాలుల చేత. కాలవ ఒడ్డున నిజం ఇల్లు కొనగలిగినంత డబ్బు ఆ బొమ్మరింటికి పోసిందంటారు. ఆ ఇల్లు చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మూడు వందల ఏళ్ళ నాటి వంటగది, పింగాణీ, పక్కలు, ఇస్త్రీ గది, ఏదీ చెదరలేదు. డబ్బున్నవాళ్ళ ఇల్లు ఎలా ఉండేదో ఇప్పుడు చూడాలన్నా ఆ చిన్న పెట్టెలోకే వంగి చూడాలి. చిన్నదిగా చేసినది పెద్దదానికన్నా ఎక్కువ కాలం బతికింది. మన దగ్గర చేసింది పేద సరుకుతో కాబట్టి బతకలేదు. చేసిన చెయ్యి మాత్రం తక్కువది కాదు. ఈ మాట నేను ఎవరితోనైనా వాదించగలను.

పిల్లలకి ఇంట్లో చేసినదే నచ్చుతుందని చెబితే అది నిజం కాదు. మృచ్ఛకటికంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు మట్టిబండి వద్దని, పక్కింటి పిల్లాడి బంగారు బండి కావాలని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోస్తుంది. నాటకానికి పేరే ఆ బండి వల్ల వచ్చింది. బజారులో మెరిసేది కావాలన్న ఆరాటం ఏ కాలం పిల్లలకైనా ఉంటుంది. మా చిన్నప్పుడు అది ఏటికొప్పాక లక్కపిడతల మీద ఉండేది. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ లక్క రంగు పట్టించిన ఆ బుల్లి రోలు, తిరగలి, బిందె, పొయ్యి చూస్తే ఇప్పటికీ నా చెయ్యి ఆగదు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి. వాటి పక్కన మా అట్ట సామాను పెట్టేవాళ్ళం, రెండూ కలిసిపోయేవి. లక్కపిడతల్లో మన రోలు మన రోలులాగే ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు దొరికే గులాబీ రంగు ప్లాస్టిక్ సెట్ల మీద నాకున్న ఫిర్యాదు అదే. ప్లాస్టిక్ అయినందుకు కాదు. ఆ వంటింట్లో మన ఇంట్లో ఉన్నది ఒక్కటీ ఉండదు. గోడకి పొగగూడు ఉంటుంది, నిప్పు రాజేసుకునే చలిమంట గది ఉంటుంది. గుడివాడలో మే నెల ఎండలో పుట్టి పెరిగే పిల్ల తన బొమ్మకి చలిమంట గది సర్దుతుంది. ఆ సామాన్ని చూసి వెనక్కి తిరిగి తన ఇంటి మంచం కిందకి దూరి తడిమి చూడాల్సిన పని ఆ పిల్లకి ఎప్పటికీ పడదు.

మా చెల్లెలి మనవరాలు ఈ సంక్రాంతికి మా ఇంటికి వచ్చింది, ఎనిమిదేళ్ళది. కొలువులో ఇల్లు తనే కడతానంది. అయితే ఏ ఇల్లు? నాకు తెలిసిన భోషాణం, ఉట్టి, దాలి దానికి తెలియవు. నేర్పబోతే వింది, మర్యాదగా. తరవాత “అమ్మమ్మా, మా ఇల్లు కట్టుకుంటాను” అంది. సరే అన్నాను. ఆ మాట విన్నాక నాకు చాలా తెరిపిగా అనిపించింది.

వాళ్ళ ఇంటికి సరుకు బాగానే దొరికింది. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెలు ఇంటినిండా ఉన్నాయి. టీవీకి పగిలిన సెల్‌ఫోను గాజు. మాత్రలు అయిపోయిన రేకు అద్దాల తలుపు. ఏసీకి తెల్ల రబ్బరు, దాని మీద బ్లేడుతో గీసిన గీతలు. సోఫాకి పాత్రలు తోమే స్పాంజి ముక్కలు, దాని మీద పెడన బుటీ గుడ్డ. సోఫా కొలిచింది, తనే, టేపు పట్టుకుని. వాళ్ళ అమ్మకి ఫోను చేసి సోఫా ఎత్తెంతో కొలిచి చెప్పమంది. అడుగుకి అంగుళం అని ఒక్కసారే చెప్పాను.

ప్లాస్టిక్ కుర్చీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఎరుపు రంగుది, ప్రతి వాకిట్లోనూ ఉండేదే. మంచం, బీరువా, బల్ల, వీటన్నిటికీ అతుకులుంటాయి. అతుకు ఎక్కడో తెలిస్తే విప్పి మళ్ళీ కట్టొచ్చు. ఈ కుర్చీకి అతుకే లేదు. వేడి ముద్దని అచ్చులో పోసి తీసింది, కాళ్ళూ చేతులూ వీపూ అంతా ఒకే రేకు. అట్టతో చేస్తే కొయ్య కుర్చీలా ఉంది. ఈనెలతో చేస్తే పేము కుర్చీలా ఉంది. అది ఒప్పుకోలేదు. నాకు తెలిసిన పద్ధతుల్లో ఏదీ దానికి పనికిరాలేదు. వాకిట్లో కుర్చీని బోర్లించి చాలాసేపు చూసింది. అడుగున పలకలు పలకలుగా ఉన్న కమ్ములు లెక్కపెట్టింది. ఆ సాయంత్రం స్నానాల గదిలోంచి ఖాళీ షాంపూ సీసా ఒకటి పట్టుకొచ్చింది. ఎర్రది. సీసా అడుగుభాగం దగ్గర మూల మలుపు తిరిగే చోటు చూపించి, “ఇక్కడ కోస్తే కూర్చునేదీ ఆనుకునేదీ ఒకటే ముక్కలో వచ్చేస్తాయి” అంది. నేను కత్తెర పట్టుకున్నాను, అది పెన్నుతో గీసింది. కాళ్ళు కూడా అదే రేకులోంచి నాలుగు పట్టీలుగా కోసి కిందికి వంచాం. వేడి నీళ్ళలో ముంచితే వంపు నిలిచింది. అంగుళంన్నర ఎత్తున కూర్చునే చోటు, సరిగ్గా కొలత ప్రకారం.

ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టడానికి వీలుగా ఉండాలట, నిజం కుర్చీల్లాగా. ఇంకో మూడు ఎర్ర సీసాలు కావాలి. కింది వాటావాళ్ళని అడగడానికి వెళ్ళింది.